పదో తరగతి తర్వాత: రెండు ఇంజన్ల ఊళ్ళ కథ

సాలూరు దాటి ఘాట్ ఎక్కితే ఒడిశా: సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, ఆపైన సునాబెడ. అరకు చూసొచ్చిన ఊపులో ఇటు వచ్చేవాళ్ళు పొగమంచుకీ వలిసె పూలకీ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మిగ్-21 మొదలు సుఖోయ్-30 దాకా మన వాయుసేన యుద్ధవిమానాల ఇంజన్లు ఈ కొండల మీద తయారవుతూ వచ్చాయని వాళ్ళలో చాలామందికి తెలియదు. మిగ్ విమానం నాసిక్‌లో, దాని ఎలక్ట్రానిక్ సామాను హైదరాబాద్‌లో, ఇంజను మా సునాబెడలో. అరవై ఏళ్ళ కిందట చేసిన పంపకం అది. డెబ్భైల చివర్లో నేను ఇక్కడ ఫిట్టర్‌గా చేరాను, ఇక్కడే రిటైరయ్యాను. లోపల ఏం బిగించాం, ఏం విప్పాం అని ఎవరడిగినా ఇప్పటికీ నోరు విప్పను. మా పిల్లల చదువుల సంగతి మాత్రం గేటు బయటి సంగతి. చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇప్పుడు ఈ కబురు ఎత్తడానికి కారణం మా మనవడు. కూతురు, అల్లుడు స్వీడన్‌లో ట్రోల్‌హెట్టన్ అనే ఊళ్ళో ఉంటారు. అల్లుడిది కంప్యూటర్ల ఉద్యోగం. ఊరు మాత్రం, చిత్రంగా, మాలాంటి ఇంజన్ల ఊరే. నది పక్కన జలపాతం, ఆ నీటి బలంతో నడిచే కర్మాగారాలు. 1847లో అక్కడ నీడ్‌క్విస్ట్ అండ్ హోల్మ్ అనే కంపెనీ పుట్టి, తర్వాత రైలింజన్లు చేసింది. 1930లో దాని కడుపునే విమాన ఇంజన్ల కర్మాగారం పుట్టింది. 1941లో అది వోల్వో చేతికి, 2012లో జీకేఎన్ అనే బ్రిటిష్ కంపెనీ చేతికి పోయింది. స్వీడన్ వాయుసేన విగ్గెన్, గ్రిపెన్ విమానాల ఇంజన్లు అక్కడివే. మనం రష్యా నమూనా తెచ్చుకుంటే వాళ్ళు అమెరికా నమూనా తెచ్చుకుని తమకి తగ్గట్టు మార్చుకున్నారు. ఇంజను దగ్గర ఎవరూ మొదటి నుంచి మొదలుపెట్టరు. ఇది పని తెలిసిన వాళ్ళందరికీ తెలుసు.

మనవడు తొమ్మిదో తరగతి చివర్లో ఫోన్ చేసి, "తాతా, నేను ఇండస్ట్రీ ప్రోగ్రాంలో చేరతాను. లేతు, వెల్డింగు, సీఎన్‌సీ అన్నీ నేర్పిస్తారట" అన్నాడు. వెనకాల మా అమ్మాయి గొంతు వినపడుతోంది. "నాన్నా, మీరైనా చెప్పండి వాడికి. మార్కులు తక్కువై వెళ్తున్నాడా అంటే అదీ కాదు. సైన్సులో సీటు వచ్చే మార్కులు ఉన్నాయి." నలభై ఏళ్ళ పాటు ఆకురాయీ స్పానరూ పట్టుకున్నవాడిని. ఫిట్టరు పని వద్దని చెప్పమని నన్నే అడిగింది! నేను ఏమీ చెప్పలేదు. ముందు ఆ బడి సంగతేమిటో తెలుసుకుంటానన్నాను.

తెలుసుకున్నది ఇది. స్వీడన్‌లో పిల్లలందరూ తొమ్మిదో తరగతి దాకా ఒకే రకం బడిలో చదువుతారు. అది చట్టం. ఆ తర్వాత మూడేళ్ళ బడిని యిమ్నాసియం అంటారు. మన ఇంటర్‌మీడియట్‌కి, ఒడిశాలో ప్లస్ టూకి, ఇంకో పక్క ఐటీఐకి కూడా సాటి వచ్చేది అదొక్కటే. అందులో చేరాలని చట్టం లేదు, అయినా దాదాపు అందరూ చేరతారు. ఫీజు లేదు. పుస్తకాలకి డబ్బు లేదు. చాలాచోట్ల మధ్యాహ్నం వేడి భోజనం కూడా పెడతారు. పైగా పదహారు దాటిన పిల్లలకి ప్రభుత్వం నెలకి 1,250 క్రోనర్లు ఇస్తుంది. మన లెక్కలో పదకొండు పన్నెండు వేల రూపాయలు.

ఆ బడిలో జాతీయ ప్రోగ్రాములు పద్దెనిమిది. అందులో ఆరు విశ్వవిద్యాలయానికి సిద్ధం చేసేవి: ప్రకృతి శాస్త్రాలు, సాంఘిక శాస్త్రాలు, ఆర్థికం, మానవీయ శాస్త్రాలు, కళలు, టెక్నాలజీ. మిగతా పన్నెండూ వృత్తులు. ఇళ్ళ నిర్మాణం, కరెంటు, బళ్ళు మరమ్మతు, పరిశ్రమ, వంటా హోటలూ, ఆస్పత్రిలో రోగుల సేవ, పిల్లల సంరక్షణ, వ్యవసాయం, అడవులు, ఇలా. మా వాడు కోరుకున్న పరిశ్రమల ప్రోగ్రాంలో మళ్ళీ దారులున్నాయి. యంత్రాల నిర్వహణ ఒకటి, వెల్డింగు ఒకటి, యంత్ర భాగాల తయారీ ఒకటి. మూడేళ్ళలో కనీసం పదిహేను వారాలు నిజమైన పనిచోటుకి వెళ్ళి నేర్చుకోవాలి. ఇంకా ఎక్కువ పని కావాలంటే అప్రెంటిస్ పద్ధతి ఉంది. అందులో సగం చదువు పనిచోటే.

నాకు నచ్చింది ఇంకొకటి. లేతు పట్టేవాడైనా ఫిజిక్సు చదివేవాడైనా స్వీడిష్, ఇంగ్లిష్, లెక్కలు, చరిత్ర, సమాజం, మతాలు, సైన్సు, వ్యాయామం చదవాల్సిందే. వృత్తి విద్య వాళ్ళకి ఇవి కొంత తక్కువ మోతాదులో ఉంటాయి, అంతే. కంచరపాలెం ఐటీఐలో నేను ఇనపముక్కని చదును చేయడం నేర్చుకున్నాను, డ్రాయింగు నేర్చుకున్నాను, షాపు లెక్కలు నేర్చుకున్నాను. చరిత్ర ఎవరూ చెప్పలేదు. ఫిట్టరుకి చరిత్ర ఎందుకంటారా? ఆఫీసరుకి మాత్రం ఎందుకు?

సీటు ఎలా ఇస్తారన్నది మన తెలుగు తల్లిదండ్రులకి ముఖ్యమైన ప్రశ్న కాబట్టి అదీ చెప్తాను. ఎంట్రన్సు పరీక్ష లేదు. తొమ్మిదో తరగతి చివర ప్రతి సబ్జెక్టుకీ టీచరు ఏ నుంచి ఎఫ్ దాకా ఒక గ్రేడు ఇస్తారు. ఏ అంటే ఇరవై పాయింట్లు, ఈ అంటే పది, ఎఫ్ అంటే సున్నా. మెరుగైన పదహారు సబ్జెక్టులు, రెండో విదేశీ భాష చదివితే అదొకటి, కలిపి గరిష్ఠంగా 340. వృత్తి ప్రోగ్రాంలో చేరాలంటే స్వీడిష్, ఇంగ్లిష్, లెక్కలు, ఇంకో అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే ప్రోగ్రాముకి మొత్తం పన్నెండు పాసవ్వాలి. పిల్లవాడు తనకి కావలసిన ప్రోగ్రాముల్ని ఒకటి, రెండు, మూడు అని వరసగా రాసి ఇస్తాడు. ఏ దారి ఎటు పోతుందో విడమరిచి చెప్పడానికి బడిలో ఒక సలహాదారు జీతం తీసుకుని కూర్చుంటారు. ఆ పనికి మా కాలనీలో జీతం తీసుకునేవాళ్ళు లేరు. పక్క క్వార్టరు పిన్నిగారు, పై అంతస్తు బాబాయిగారు ఉచితంగానే చేసేవారు.

ఇదంతా స్వీడన్‌కి ఆకాశం నుంచి ఊడిపడలేదు. మొదటి యిమ్నాసియం 1623లో వెస్టెరోస్ అనే పట్టణంలో బిషప్ యోహన్నెస్ రుద్బెకియుస్ పెట్టింది. అక్కడ తయారయ్యేది చర్చి గురువులు, రాజు గారి కొలువులో గుమస్తాలు. లాటిన్ వస్తేనే చదువు వచ్చినట్టు. రైతు బిడ్డలు చదివే ప్రాథమిక బళ్ళు ఊరూరా ఉండాలని చట్టం వచ్చేసరికి 1842 అయింది. ఆడపిల్లలకి ప్రభుత్వ యిమ్నాసియం తలుపులు 1927లో గాని తెరుచుకోలేదు. మూడు వందల ఏళ్ళ పైన పట్టింది! 1962లో అందరికీ ఒకే తొమ్మిదేళ్ళ బడి అన్నారు. 1971లో అసలు పని చేశారు. పుస్తకాల చదువు చెప్పే పాత యిమ్నాసియాన్నీ, మధ్యరకం సాంకేతిక బడినీ, చేతిపనుల బడినీ కలిపి ఒకే బడి చేశారు. ఒకే కప్పు, ఒకే హెడ్మాస్టరు, ఒకే భోజనశాల.

వాళ్ళ దగ్గర తెల్లటోపీ ఒకటుంది. పాతకాలంలో చివరి పరీక్ష పాసైన పెద్దింటి పిల్లలు పెట్టుకునేవారు. ఆ పరీక్షని 1968లో తీసేశారు గాని టోపీ పోలేదు. ఇప్పుడు వెల్డింగు నేర్చినవాడూ పెట్టుకుంటాడు, ఫిజిక్సు చదివిన అమ్మాయీ పెట్టుకుంటుంది. జూన్ నెలలో బడి ముగిసిన రోజు కొమ్మలూ బెలూన్లూ కట్టిన లారీలెక్కి ఊరంతా అరుచుకుంటూ తిరుగుతారట. మా అమ్మాయి ఆ వీడియో పంపితే సాలూరోణ్ణి, నాకు లారీలే కనిపించాయి. మా ఊళ్ళో లారీ కిందకి దూరి పని నేర్చుకున్న కుర్రాళ్ళు ఎంతమందో. వాళ్ళ గురువు మేస్త్రీ, వాళ్ళ సర్టిఫికెట్టు చేతి మసి. లారీ మీదకి ఎక్కించి ఊరేగించినవాళ్ళు మాత్రం లేరు.

ఇక మా సునాబెడ. 1962లో సోవియట్ యూనియన్‌తో మిగ్ ఒప్పందం కుదిరింది. 1964లో ఇక్కడ ఇంజన్ల కర్మాగారం మొదలైంది. అదే ఏడు అక్టోబరులో బెంగుళూరులోని పాత హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీనీ మిగ్‌ల కోసం పెట్టిన కొత్త కంపెనీనీ కలిపి హెచ్ఏఎల్ అన్నారు. సముద్రానికీ సరిహద్దుకీ దూరంగా, మూడు వేల అడుగుల ఎత్తున, చల్లటి చోటు. బిజూ పట్నాయక్ పట్టుబట్టి తెచ్చారని ఊళ్ళో అందరూ చెప్పే మాట. రష్యన్ నిపుణులు వచ్చారు, దుబాసీలు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్ళు తండోపతండాలుగా వచ్చారు. మాకు ఇది పరాయి చోటని ఎన్నడూ అనిపించలేదు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ కొరాపుట్ కొండలు విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగమే కదా. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. జయపురంలో ఆయన పేరిట కాలేజీ వచ్చింది 1947లో. కొండ మీది డబ్బు కిందకి వెళ్ళి చదువైంది, ఆ వెనకే కొండ మీది పిల్లలూ చదువుకోసం కిందకి దిగారు. ఇంటర్‌కి విజయనగరం గాని విశాఖ గాని వెళ్ళి హాస్టల్లో పడే ఆచారం మా కాలనీ తెలుగువాళ్ళలో ఇప్పటికీ ఉంది.

మా కర్మాగారం మొదలైన 1964లోనే ఢిల్లీలో ఇంకొకటి మొదలైంది: కొఠారి కమిషన్. 1966లో నివేదిక ఇచ్చింది. పది, ఆపైన రెండు, ఆపైన మూడేళ్ళ డిగ్రీ అనే లెక్క అక్కడిదే. అదే నివేదిక ఇంకో మాట కూడా అంది. పదో తరగతి తర్వాత చదివేవాళ్ళలో సగం మంది వృత్తి విద్యలోకి రావాలి అని. పది ప్లస్ రెండు వచ్చింది, సగం రాలేదు. 1986 విద్యా విధానం ఆ సగాన్ని 1995 నాటికి పాతిక శాతం అని తగ్గించుకుంది. అదీ రాలేదు. 2020 విధానం మళ్ళీ సగానికి ఎగబాకి, 2025 కల్లా సగం మందికి వృత్తి విద్య పరిచయమన్నా కావాలంది. "పరిచయం" దగ్గరికి దిగాం! 2025 వెళ్ళిపోయింది.

నివేదికలు అలా ఉండగా మా కాలనీలో ఏం జరిగిందో చెప్తాను. కేంద్రీయ విద్యాలయ ఉంది. ఏరోనాటిక్స్ కాలేజీ ఉంది, పేరు చూసి విమానాల చదువనుకునేరు, అక్కడ చెప్పేది మామూలు ఆర్ట్సు, సైన్సు, కామర్సే. 2009లో వచ్చిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఇప్పుడు సునాబెడలోనే ఉంది. కర్మాగారంలో వేల మంది ఐటీఐ వాళ్ళం. పూత సరిగా ఉందో లేదో వేలిగోటితో చెప్పేవాళ్ళు ఉన్నారు. బేరింగు చప్పుడు విని దాని వయసు చెప్పేవాళ్ళు ఉన్నారు. టర్బైన్ దగ్గర వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. అక్కడ బ్లేడు అంచు వెంట్రుక మందంలో ఓ వంతు తేడా వచ్చినా టెస్ట్ బెడ్ మీద ఇంజను తిరగబడుతుంది. ఆ వంతుని పట్టుకునేది డిగ్రీ కాదు, చెయ్యి. ఇంత తెలిసిన మేము మా పిల్లల్ని ఐటీఐకి పంపామా? మా షాపులో ఒక్కడూ పంపలేదు.

ఎందుకు పంపుతాం? క్వార్టరు టైపు గ్రేడుని బట్టి. క్యాంటీన్‌లో కూర్చునే చోటు గ్రేడుని బట్టి. ఐటీఐతో చేరినవాడు ముప్ఫై ఏళ్ళకి ఎక్కే మెట్టు మీద బీటెక్ కుర్రాడు మొదటి రోజే నిలబడతాడు. వాడికి పని నేర్పేదీ మేమే, వాడికి లేచి నిలబడేదీ మేమే. ఇందులో ఏ ఒక్కరి తప్పూ లేదు, దేశమంతా ఇలాగే నడిచింది. అందుకే పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు కాలనీలో ఒకటే లెక్క: సైన్సు వచ్చిందా లేదా. వస్తే ఎంపీసీ. రాకపోతే కామర్సు. అదీ రాకపోతే ఆర్ట్సు. ఐటీఐ అనే మాట చివర్లో, గొంతు తగ్గించి. నలభై మార్కుల వాడికి మిగిలిన దారి అని పేరుపడ్డ బడి నుంచి యుద్ధవిమానాలకి ఇంజన్లు చేసేవాళ్ళు రావాలి. ఈ దేశం ఆ లెక్క ఎలా వేసుకుందో నాకు ఎన్నటికీ అంతుపట్టలేదు.

లెక్కలోకే రానివాళ్ళ సంగతి ఇంకొకటి. కర్మాగారం లేచిన నేల గదబల, పరజల పల్లెలది. చికాపార్ అనే ఊరి కథ పి. సాయినాథ్ 1996లో అచ్చయిన తన పుస్తకంలో రాశారు. 1968లో మిగ్ ప్రాజెక్టు కోసం ఆ ఊరిని లేపారు. వాళ్ళు వేరేచోట ఊరు కట్టుకుని అదే పేరు పెట్టుకున్నారు. ఎనభైల్లో కొలాబ్ ప్రాజెక్టు, నేవీ డిపో వచ్చి రెండోసారి లేపారు. మళ్ళీ కట్టుకున్నారు, మళ్ళీ లేవమన్నారు. సునాబెడలో డీపీ క్యాంపు అనే పేటకి ఆ పేరు నిర్వాసితుల వల్లనే వచ్చింది. 2011 జనాభా లెక్కల్లో కొరాపుట్ జిల్లా అక్షరాస్యత 49 శాతం. సుఖోయ్ ఇంజను తయారయ్యే జిల్లాలో సగం మందికి పేరు రాయడం రాదు. ఆ పల్లెల కుర్రాళ్ళు కర్మాగారం లోపలికి వచ్చింది ఎక్కువగా గడ్డి కొయ్యడానికీ, సామాను మొయ్యడానికీ. మా షాపు బయట కాంట్రాక్టు పని చేసే ఒక కుర్రాడుండేవాడు. పంపు మోటారు ఆగితే మెకానిక్కు వచ్చేలోపు వాడే ఏమైందో చెప్పేవాడు. "ఐటీఐలో చేరరాదూ" అంటే నవ్వేవాడు. మెట్రిక్ తప్పాడు. మెట్రిక్ లేకపోతే ఫిట్టరు ట్రేడుకి ఫారమే ఇవ్వరు.

స్వీడన్ బడిలో నన్ను ఆపి ఆలోచింపజేసింది పద్దెనిమిది ప్రోగ్రాములు కాదు, వాటి పక్కన ఉన్న ఇంకో నాలుగు. వాటిని పరిచయ ప్రోగ్రాములంటారు. తొమ్మిదో తరగతిలో ఆ ఎనిమిది సబ్జెక్టులు పాసవ్వని పిల్లల కోసం పెట్టినవి. తప్పినవాడు ఇంటికి పోడు. అదే యిమ్నాసియంలో, అదే గేటులోంచి వచ్చి, తప్పిన సబ్జెక్టులు చదువుతూ, కావాలంటే పక్కన పని నేర్చుకుంటూ అసలు ప్రోగ్రాముకి దారి వెతుక్కుంటాడు. వేరే దేశం నుంచి కొత్తగా వచ్చి భాష రాని పిల్లలకీ వాటిలో ఒకటుంది. ఆ కాంట్రాక్టు కుర్రాడు ట్రోల్‌హెట్టన్‌లో పుట్టి ఉంటే అని ఊహించుకోవడం వృథా. సునాబెడలోనే అలాంటి గేటు ఒకటి ఉండి ఉంటే అని మాత్రం అనుకుంటాను.

అలాగని వాళ్ళ బడి బంగారు మేడ కాదు. తొంభైల్లో ఒక సంస్కరణ చేసి, వృత్తి ప్రోగ్రాములు కూడా మూడేళ్ళు చేశారు. ఏది చదివినా విశ్వవిద్యాలయానికి కనీస అర్హత వచ్చేలా చూశారు. 2011లో ప్రభుత్వం ఆ దారి మూసేసింది. వృత్తి చదివేవాడికి వృత్తి చాలు, పైచదువు కావాలంటే అదనంగా చదువుకోవాలి అంది. వెంటనే ఏమైంది? వృత్తి ప్రోగ్రాములకి దరఖాస్తులు పడిపోయాయి. తమ బిడ్డ ఎదర తలుపు మూసి ఉంటే ఏ తల్లీ ఒప్పుకోదు, స్వీడన్ తల్లయినా సాలూరు తల్లయినా. మళ్ళీ బుద్ధి తెచ్చుకుని 2023 శరత్కాలం నుంచి వృత్తి ప్రోగ్రాములన్నిటిలో ఆ అర్హత చదువుని కలిపేశారు. వద్దనుకున్నవాడు మానుకోవచ్చు. 2025 నుంచి ఇంకో మార్పు కూడా వచ్చింది, చిన్నచిన్న కోర్సులకి విడివిడిగా గ్రేడులిచ్చే పద్ధతి పోయి మొత్తం సబ్జెక్టుకి గ్రేడు ఇస్తారు. మా వాడు ఆ మొదటి బ్యాచి.

ఇంకో జబ్బు మనకి బాగా తెలిసినదే. 1992లో అక్కడ ప్రైవేటు బళ్ళకి తలుపులు తీశారు. పిల్లవాడు ఏ బడికి వెళ్తే వాడి తలకి ఇంత అని ప్రభుత్వ డబ్బు ఆ బడికి వెళ్తుంది. పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు గాని, ప్రభుత్వం ఇచ్చిన దాంట్లో లాభం మిగుల్చుకోవచ్చు. దాంతో కంపెనీలు దిగాయి. 2013లో జేబీ ఎడ్యుకేషన్ అనే పెద్ద బడుల కంపెనీ దివాలా తీసి వేలమంది పిల్లల్ని నడిమధ్యలో వదిలేసింది. విజయవాడ, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలు చూసిన మనకి ఇందులో ఆశ్చర్యమేముంది? ఒక తేడా ఉంది. ఇక్కడ కట్టినదంతా తండ్రి జేబులోది.

కంపెనీలు బడిలో ఉండటం అన్నివేళలా చెడు కూడా కాదు. ట్రోల్‌హెట్టన్‌కి దక్షిణాన గొథెన్‌బర్గ్‌లో వోల్వో కంపెనీలు, నగరపాలక సంస్థ కలిసి ఒక టెక్నికల్ యిమ్నాసియం నడుపుతున్నాయి. పదహారేళ్ళ పిల్లవాడు నిజమైన యంత్రం దగ్గర, నిజమైన పనివాడి పక్కన నిలబడతాడు. మన దగ్గర అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. కానీ ఐటీఐ అయ్యాక గాని కుర్రాడు మా గేటులోకి రాడు. అప్పటికి వాడి బుర్రలో తాను మిగిలిపోయినవాణ్ణనే మాట గట్టిపడి ఉంటుంది. ఆ మాటని తీసేయడానికే ట్రైనింగులో మొదటి ఏడాది పోతుంది. నేను చాలామంది అప్రెంటిస్‌లకి బెంచి పని చెప్పాను. చెయ్యి నెమ్మదిగా వస్తుంది, పర్వాలేదు. తల పైకెత్తించడమే కష్టం.

మధ్యలో ఒక చిన్న సంగతి. స్వీడన్ బళ్ళలో ఇంట్లో మాట్లాడే భాషని కూడా సబ్జెక్టుగా అడగవచ్చు. కనీసం అయిదుగురు పిల్లలుండి, చెప్పే మాస్టారు దొరికితే బడి యాజమాన్యం ఆ పాఠం పెట్టాలి. ట్రోల్‌హెట్టన్‌లో తెలుగుకి అయిదుగురు పోగవ్వలేదట. సునాబెడలో వందల మంది తెలుగు పిల్లలు ఉండేవారు. ఇక్కడ అడిగే హక్కు ఉందని మాలో ఏ తండ్రికీ తోచలేదు. నా తెలుగు నాకు సాలూరు ప్రాథమిక బడి పెట్టిన భిక్ష. మా అమ్మాయి తెలుగు చదవలేదు, మాట్లాడుతుంది. మనవడు మాట్లాడితే వాళ్ళ అమ్మమ్మ నవ్వుతుంది.

చివరికి మా అమ్మాయి ఆ బడి సలహాదారు దగ్గరికి వెళ్ళింది. మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, "రేపు వీడు ఇంజనీరు అవుతానంటే?" 2023 మార్పు గురించి వాళ్ళు చెప్పారు. ఇంజనీరింగుకి కావలసిన పై లెక్కలు, ఫిజిక్సు తర్వాత పెద్దల బడిలో చేర్చుకోవచ్చని కూడా చెప్పారు. అక్కడ ముప్ఫై ఏళ్ళవాడు కూడా వెళ్ళి యిమ్నాసియం సబ్జెక్టులు ఉచితంగా చదువుకోవచ్చు. రెండో ప్రశ్న నన్ను అడిగింది. "నాన్నా, ఇండియాలో చుట్టాలు అడిగితే ఏం చదువుతున్నాడని చెప్పాలి?" అది సలహాదారుకి అర్థమయ్యే ప్రశ్న కాదు గనక నేనే జవాబు చెప్పాలి. "వాళ్ళ తాత చదివిన చదువని చెప్పు" అన్నాను. కాసేపు ఫోన్లో ఇద్దరం మాట్లాడలేదు. వాడు ఫారంలో మొదటి చోట పరిశ్రమల ప్రోగ్రాము, రెండో చోట టెక్నాలజీ రాశాడు. మొదటిదే వచ్చింది. 2025 ఆగస్టులో చేరాడు.

సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. మా పాత షాపువాళ్ళం కొందరం ఒక ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. టీవీలో పైలట్ల గురించి చెప్పారు, యుద్ధాల గురించి చెప్పారు. ఇంజన్ల ఊరి పేరు వస్తుందేమోనని చివరిదాకా చూశాం. కబుర్లలో ఎవరి మనవడు ఎక్కడ, ఏం చదువు అనే మాట వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు "స్వీడన్‌లో ఫిట్టరు" అన్నాను. నవ్వారు. ఒకాయన మాత్రం "జీతం బాగుంటుందా?" అని సీరియస్‌గా అడిగాడు. వాళ్ళింటి పక్క పిల్ల సంగతి చెప్పాడు. పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యే పిల్లే, కానీ మోటార్లు విప్పడమంటే సరదా, వాళ్ళింట్లో మిక్సీ ఆ పిల్లే బాగుచేసిందట.

మన దగ్గర కూడా దారులు బొత్తిగా లేకపోలేదు, చెప్పేవాళ్ళు లేక కనపడవు. రెండేళ్ళ ఐటీఐ ట్రేడు పాసైనవాళ్ళు పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా అయ్యాక బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఆంధ్రలో అయితే అందుకు ఈసెట్ రాయాలి. అంటే ఫిట్టరు ఇంజనీరయ్యే మెట్లు కాగితం మీద ఉన్నాయి. ఒడిశాలో ప్లస్ టూకీ ఐటీఐకీ కూడా దరఖాస్తు శామ్స్ అనే ఒకే ప్రభుత్వ వెబ్‌సైటులో పెట్టాలి. కావలసిన కాలేజీలు, ట్రేడులు వరసగా రాయాలి. సైటు ఒకటే గాని ఫారాలు రెండు. స్వీడన్ వాళ్ళు 1971లో కలిపినదాన్ని మనం ఇంకా వేరుగానే ఉంచాం. ఒక ఫారం నింపినవాడు రెండోది తెరిచి చూడడు.

ఆ పక్కింటి పిల్ల ఫలితాలు వచ్చాక మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న పట్టు సైన్సు మీద. ఆ పిల్ల అడిగినవన్నీ పనికొచ్చే ప్రశ్నలే: లేతు దగ్గర ఆడపిల్లల్ని నిలబెడతారా, మెషినిస్టుకీ ఫిట్టరుకీ తేడా ఏమిటి, డిప్లొమాకి వెళ్ళాలంటే ఐటీఐలో ఎన్ని మార్కులు కావాలి. చివరి దానికి నాకు జవాబు తెలియకపోతే ఫోన్లో తనే వెతికి నాకు చదివి వినిపించింది. ఆ తర్వాత రెండు ఫారాలూ నింపింది. ప్లస్ టూ ఫారం వాళ్ళ నాన్న పక్కన కూర్చోబెట్టుకుని నింపించాడు. ఐటీఐ ఫారం మా ఇంట్లో నింపింది, మొదటి చోట మెషినిస్టు. దాని రుసుము నేనే కట్టాను. వాళ్ళ నాన్న తెలుగు పత్రికలు చదవడు కాబట్టి ఈ సంగతి ఇక్కడ రాయగలుగుతున్నాను.